అబద్ధం పట్టుకోవడం ఎలా? మొహం వదిలేయండి, మాట పట్టుకోండి

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. వినడానికి బాగానే ఉంటుంది. దాన్ని నమ్ముకుని ఎవరినైనా దొంగ అని తేల్చేస్తే మాత్రం ఇబ్బందే. పదిమందిని నిలబెట్టి "ఎవడ్రా దొంగ?" అని గద్దిస్తే, ఏ పాపం తెలియనివాడు కూడా కంగారుగా భుజం చూసుకుంటాడు. ఆరితేరిన దొంగ మాత్రం పక్కవాడి భుజం చూస్తాడు.

అబద్ధాలు కనిపెట్టడం గురించి ఏ వీడియో చూసినా ఈ భుజాల లెక్కే: కళ్ళలోకి చూడడు, ముక్కు గోక్కుంటాడు, గుటకలు మింగుతాడు, చేతులు కట్టుకుంటాడు. ఇక్కడ చెప్పబోయేది దానికి దాదాపు ఉల్టా. ఎదుటి మనిషి మొహం చదవడం మానేసి, చెప్పిన కథని పట్టుకోవాలి. అందులో సరిచూసుకోగలిగే ముక్కలేవో ఏరి, వాటిని సరిచూడాలి. దీనికి డిటెక్టివ్ తెలివేమీ అక్కర్లేదు. కాస్త ఓపిక, కాస్త నోరు కట్టుకోవడం తెలిస్తే చాలు. రెండోదే కష్టం.

1. ముందు కళ్ళూ ముక్కూ వదిలేయండి

"అబద్ధం చెప్పేవాళ్ళని ఎలా గుర్తుపడతారు?" అని 58 దేశాల్లో జనాన్ని అడిగారు. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన జవాబు, కళ్ళలోకి చూసి మాట్లాడరు అని. ఇన్ని దేశాలవాళ్ళు ఒక్క మాట మీద నిలబడ్డారు కదా, అందులో ఎంతోకొంత నిజం ఉంటుందనుకుంటాం. పరీక్ష పెట్టి చూస్తే అది నిలబడలేదు. అంతకుముందు 2003లో బెల్లా డెపాలో అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు ఇలాంటి గుర్తులు 158 పోగేసి, అబద్ధానికీ వాటికీ సంబంధం ఎంతో లెక్కగట్టారు. చాలావాటికి సంబంధమే లేదు, ఉన్నవాటికి కూడా అంతంతమాత్రమే.

2006లోనే చార్లెస్ బాండ్ అనే ఇంకో పరిశోధకుడితో కలిసి డెపాలో ఇంకో లెక్క తీసింది. దాదాపు 24 వేలమంది మనుషులు, ఎదుటివాళ్ళు చెప్పింది విని, చూసి, నిజమో అబద్ధమో చెప్పిన పరీక్షలవి. సగటున 100కి 54 సరిగ్గా చెప్పారు. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసా వేసినా 50 వస్తుంది. పోలీసులైతే ఇట్టే పట్టేస్తారని మన నమ్మకం. ఇలాంటి పరీక్షల్లో వాళ్ళ మార్కులూ మనకంటే పెద్దగా ఎక్కువ రాలేదు. వాళ్ళకి ఎక్కువ ఉన్నది, తాము చెప్పిందే కరెక్టన్న ధీమా.

కుడివైపు పైకి చూస్తే అబద్ధం, ఎడమవైపు చూస్తే జ్ఞాపకం అనే లెక్క కూడా చాలామంది నోట వింటుంటాం. 2012లో మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వైజ్‌మన్ బృందం దాన్ని కూడా పరీక్షించి, ఏమీ లేదని తేల్చింది.

మన ఇళ్ళలో ఈ కళ్ళ సిద్ధాంతం ఇంకా అన్యాయం చేస్తుంది. పెద్దవాళ్ళు మందలిస్తుంటే తలదించుకుని నిలబడాలని మనమే నేర్పుతాం. "మొహంలోకి మొహం పెట్టి చూస్తావేంట్రా?" అని కసురుతాం. తర్వాత అదే పిల్లవాడు తలదించుకుంటే, "చూశావా, కళ్ళలోకి చూడలేకపోతున్నాడు, వీడే తీశాడు" అంటాం. టెన్షన్ కనిపించిందంటే టెన్షన్ ఉందని మాత్రమే అర్థం. దొరికిపోతానన్న భయమో, చేయని తప్పు నెత్తిన పడుతుందన్న భయమో మొహం చెప్పదు.

మిషన్లు చెప్తాయిగా అంటారా? లై డిటెక్టర్ అని పిలిచే పాలిగ్రాఫ్‌ని 1921లో అమెరికాలో బర్కిలీ పోలీసు శాఖలో జాన్ లార్సన్ తయారుచేశాడు. అది కొలిచేది రక్తపోటూ, శ్వాసా వగైరా, అంటే మళ్ళీ టెన్షనే. సెల్వి వర్సెస్ కర్ణాటక కేసులో మన సుప్రీంకోర్టు 2010లో, మనిషి ఒప్పుకోకుండా లై డిటెక్టర్, నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని చెప్పింది.

ఒట్టు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాణిపాకం వినాయకుడి దగ్గర ప్రమాణానికి సిద్ధమా అని మన నాయకులు సవాళ్ళు విసురుకోవడం చూస్తూనే ఉంటాం. భయభక్తులున్నవాడు దేవుడి ఎదుట అబద్ధమాడడానికి జంకుతాడు, నిజమే. లేనివాడికి ఆ జంకు లేదు. ఎదుటివాడు ఆ ఇద్దరిలో ఎవరో మనకు తెలిస్తే ఒట్టుతో పనే లేదు. అడగకుండానే "మా అమ్మ మీదొట్టు" అని మొదలుపెట్టేవాళ్ళ దగ్గర నేనైతే కాసేపు ఆగుతాను.

2. అడగడానికి ముందే కొంత తెలుసుకుని జేబులో పెట్టుకోండి

ఇది అన్నిటికంటే పనికొచ్చే పని, మనం అస్సలు చేయని పని. మన దగ్గర ఏదైనా ఆధారం ఉంటే మొదటి నిమిషంలోనే మొహాన కొట్టేస్తాం. "నిన్న నిన్ను కూకట్‌పల్లిలో చూశారంట కదా!" అంటాం. అంతే, అవతలివాళ్ళు ఆ ఒక్క ముక్కకి సరిపోయేలా కథ అల్లుకుంటారు.

స్వీడన్‌లో మారియా హార్ట్‌విగ్, పార్ అండర్స్ గ్రాన్‌హాగ్ తదితర పరిశోధకులు పోలీసు ట్రైనీల మీద దీన్ని పరీక్షించారు. ఆధారాన్ని ముందు దాచిపెట్టి, అనుమానితుడి చేత పూర్తిగా చెప్పించి, ఆ తర్వాతే బయటపెట్టడం కొంతమందికి నేర్పారు. నేర్చుకున్నవాళ్ళు ఎదుటివాడిది నిజమో అబద్ధమో 85 శాతం సరిగ్గా చెప్పగలిగారు. నేర్చుకోనివాళ్ళు 56 శాతం దగ్గరే ఆగిపోయారు. మొహాలూ కళ్ళూ ఇద్దరికీ ఒకటే. తేడా అంతా అడిగిన పద్ధతిలో ఉంది.

పాత కారు కొనే సందర్భం తీసుకుందాం. మనలో చాలామందికి జీవితంలో ఒక్కసారైనా ఎదురయ్యే అబద్ధాల సంత అదే.

2018 మోడల్ కారు. అమ్మే కుర్రాడు అంటున్నాడు: "డాక్టర్ గారి బండి సార్. హాస్పిటల్‌కీ ఇంటికీ తప్ప ఎక్కడికీ తిప్పలేదు. సింగిల్ ఓనర్, 22 వేలే తిరిగింది. ఒక్క గీత లేదు, టైర్లు కూడా కంపెనీతో వచ్చినవే."

మన రాష్ట్రాల్లో ఇన్ని పాత కార్లు డాక్టర్లవే అయితే ఆస్పత్రుల్లో ఓపీకి ఎవరూ దొరకకూడదు. సరే.

మీరు బండి చుట్టూ తిరుగుతూ ముందు టైరు పక్కన చూడండి. డీఓటీ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. ఒక పక్క కనిపించకపోతే టైరు రెండో పక్క ఉంటాయి. 1422 అని ఉంటే అది 2022లో 14వ వారంలో తయారైన టైరు. నాలుగు టైర్లూ చూడండి. చూసినట్టు కనబడకండి, ఏమీ అనకండి. ఇప్పుడు మాట్లాడండి.

"బాగుంది తమ్ముడూ. టైర్లు ఎప్పుడైనా మార్చారా?"

"లేదు సార్, కంపెనీవే."

"పంక్చర్‌కో దేనికో ఒక్కటైనా?"

"ఒక్కటి కూడా లేదు సార్. నాదీ గ్యారెంటీ."

"డాక్టర్ గారు గానీ, ఇంట్లోవాళ్ళు గానీ మీకు చెప్పకుండా మార్చి ఉంటారా?"

"ఛాన్సే లేదు సార్. సర్వీసింగ్ అంతా నా చేతుల మీదే."

ఇప్పుడు తప్పించుకునే తలుపులన్నీ మూసుకున్నాయి. అప్పుడు అడగండి: "మరి నాలుగింటి మీదా 2022 అని ఉందేం తమ్ముడూ?"

మొదటే "ఇవి 2022 టైర్లు కదా" అని ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. "అవును సార్, పాతవి ఎండకి గట్టిపడ్డాయని డాక్టర్ గారు మార్పించారు" అనేవాడు. నమ్మదగ్గ మాటే, అక్కడితో కథ ముగిసేది. ఇప్పుడు ఆ మాట అనడానికి వీల్లేదు. తెలియక పొరబడ్డవాడైతే "అవునా, ఏదీ?" అని వంగి చూస్తాడు, ఓనర్‌కి ఫోన్ కొడతాడు. అబద్ధమాడినవాడు అప్పటికప్పుడు కొత్త కథ ఎత్తుకుంటాడు, లేకపోతే "అంత అనుమానమైతే ఎలా సార్" అని మన మీదికే వస్తాడు.

ఒక్క జాగ్రత్త. టైరు తేదీ తేడాగా ఉన్నంత మాత్రాన మీటరు వెనక్కి తిప్పి కిలోమీటర్లు తగ్గించారని రుజువైనట్టు కాదు. తక్కువ తిరిగిన బండికి కూడా ఏళ్ళు గడిచాయని టైర్లు మారుస్తారు. అది ఇంకో ప్రశ్న అడగడానికి దొరికిన దారం మాత్రమే. దారం పట్టుకుని కొంచెం దూరం వెళ్ళండి: బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నబడిందా, స్టీరింగ్ మెరుగెక్కిందా, డ్రైవర్ సీటు అంచు నలిగిందా. 22 వేలకే ఇవన్నీ అరగవు.

3. వాళ్ళని చెప్పనివ్వండి, మీరు అందించకండి

మనకో చెడ్డ అలవాటుంది. ప్రశ్నతోపాటు జవాబు కూడా మనమే అందిస్తాం. "ఏరా ఇంత లేటు, ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయావా?" అంటాం. వాడు "ఆఁ, అదే" అంటాడు. అబద్ధం ఆడే శ్రమ కూడా వాడికి లేకుండా చేశాం.

"ఏం జరిగిందో మొదట్నుంచీ చెప్పు" అని ఊరుకోండి. మధ్యలో ఆగితే మీరు పూరించకండి. ఆ నిశ్శబ్దం మీకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో అవతలివాళ్ళకీ అంతే, ఎవరో ఒకరు దాన్ని నింపాలి. వాళ్ళని నింపనివ్వండి. "తర్వాత?" అన్న ఒక్క మాట చాలు.

వినేటప్పుడు మీరు చూసుకోవాల్సింది రెండే. అడిగినదానికే జవాబు వచ్చిందా, పక్కదానికి వచ్చిందా? "డబ్బు నువ్వు తీశావా?" అంటే "నేనలాంటివాణ్ణని అనుకుంటున్నారా?" అన్నది జవాబు కాదు. నేరం చేసినట్టు కూడా కాదు, బాధతో అన్న మాట కావచ్చు. అలాంటప్పుడు కోపం తెచ్చుకోకుండా అదే ప్రశ్న ఇంకోసారి మెల్లగా అడగాలి. రెండోది, కథలో సందర్భానికి తగ్గ వివరాలున్నాయా, లేక కథ ముఖ్యమైన చోటికి రాగానే పలచబడిపోతోందా? ఉదయం టిఫిన్ దగ్గర్నుంచి వివరంగా చెప్పి, సరిగ్గా డబ్బు పోయిన గంటకి వచ్చేసరికి "ఏదో పనిలో ఉన్నా" అంటే ఆ గంట దగ్గర ఆగండి.

4. వాళ్ళు సిద్ధం చేసుకోని ప్రశ్న వేయండి

అబద్ధం ఆడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. అతికించుకోవడానికి జనం నిజంగానే ముందు కసరత్తు చేస్తారు, కానీ వచ్చే ప్రశ్నలకే. రానివాటికి చేయలేరు.

బ్రిటన్‌లో ఆల్డర్ట్ వ్రై అనే శాస్త్రవేత్త బృందం 2009లో ఒక సరదా పరీక్ష ప్రచురించింది. కొన్ని జంటలు నిజంగా రెస్టారెంట్‌లో భోంచేశాయి. కొన్ని జంటలు చేసినట్టు కథ కట్టుకుని వచ్చాయి. ఏం తిన్నారు, ఏం మాట్లాడుకున్నారు అంటే రెండు రకాలవాళ్ళూ ఒకేలా చెప్పారు, ఎందుకంటే అవి ఊహించిన ప్రశ్నలే. "మీరు కూర్చున్న చోటు ఎక్కడ, తలుపు ఎటువైపు, బొమ్మ గీయండి" అని ఇద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టేసరికి, కథ కట్టుకొచ్చిన జంటల బొమ్మలు ఒకదానితో ఒకటి పొసగలేదు.

ఇంట్లో వాడుకోవాలంటే బొమ్మలు గీయించక్కర్లేదు. పని కోసం ఇద్దరు మేస్త్రీలు కలిసి వచ్చి, ఫలానా అపార్ట్‌మెంట్ పని మేమే చేశామంటే, "ఎంత తీసుకున్నారు" అని అడక్కండి, అది సిద్ధంగా ఉంటుంది. "అక్కడ ఇసుక ఎక్కడ పోసుకున్నారు? నీళ్ళెక్కడివి? పైకి సామాను ఎలా ఎక్కించారు?" అని అడగండి. చేసినవాడికి ఆ తలనొప్పులన్నీ గుర్తుంటాయి, అడిగితే ఆగకుండా చెప్తాడు, అపార్ట్‌మెంట్ సెక్రటరీని నాలుగు తిడతాడు కూడా.

పెళ్ళి సంబంధాలకీ ఇదే దారి. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చేయమన్నారు కాబట్టి, మధ్యవర్తులు ఆ కోటాను నిక్కచ్చిగా వాడుకుంటారు. కంపెనీ, జీతం, వీసా అన్నీ బట్టీపట్టిన జవాబులే. అబ్బాయితో మామూలుగా మాట్లాడుతూ ఆఫీసుకి ఎలా వెళ్తాడు, ఇల్లెంత దూరం, టీమ్‌లో ఎంతమంది, నిన్న ఏం పని చేశాడు అని అడిగించండి. హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద అమెరికాలో ఉన్నానంటే ఐ-797 అనే ఆమోదపత్రం ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు ఉంటుంది. అడగడానికి మొహమాటమైతే అమ్మాయి తరఫున అక్కడే ఉన్న బంధువు చేత అడిగించండి. ఒక తరం కిందట ఊళ్ళో ఆరా తీయడానికి మేనమామలు వెళ్ళేవారు. ఇది కూడా అలాంటి ఆరానే.

ఇంకో పద్ధతి, కథని చివర్నుంచి మొదటికి చెప్పమనడం. అల్లిన కథని వెనక్కి చెప్పడం అబద్ధమాడేవాళ్ళకి ఎక్కువ భారమని వ్రై బృందం చూపించింది. పోలీసు విచారణలో సరే గానీ, మీ ఆవిడనో మీ ఆయననో కూర్చోబెట్టి "ఇప్పుడు రివర్స్‌లో చెప్పు" అంటే ఇంట్లో యుద్ధం మొదలవుతుంది. "ఇంటికి రాకముందు ఎక్కడున్నావు? అంతకుముందు?" అని మాటల్లో వెనక్కి నడిపించడమే నయం.

5. విశేషణాలు వదిలి అంకెలు అడగండి

నిజం చెప్పేవాళ్ళు సరిచూడగలిగే వివరాలు ఇస్తారు: ఎవరితో ఉన్నారు, ఎక్కడ కార్డు గీకారు, ఎవరికి ఫోన్ చేశారు. అబద్ధమాడేవాళ్ళు కూడా వివరాలు ఇస్తారు గానీ, మనం సరిచూడలేని రకంవి. ఈ తేడా మీద ఇజ్రాయెల్ పరిశోధకురాలు గలిత్ నహారి పెద్ద పనే చేసింది.

మళ్ళీ మన కారు దగ్గరికి రండి. "షోరూమ్ కండిషన్" సరిచూడలేం. "సింగిల్ ఓనర్" సరిచూడగలం, ఆర్‌సీ మీద ఎన్నో ఓనరో రాసి ఉంటుంది. లోన్ ఉంటే ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు) కింద బ్యాంకు పేరు ఉంటుంది, తీరిపోయిందంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, చూపించాలి. "ఒక్క యాక్సిడెంట్ లేదు" అన్నదాన్ని కూడా కొంతవరకూ సరిచూడొచ్చు. ఇన్సూరెన్స్ కాగితంలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, చూడండి. ఏటా క్లెయిమ్ లేకపోతే అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతూ పోతుంది. అయిదేళ్ళు దాటిన బండి, అదే ఓనరు, పాలసీ ఎక్కడా ఆగలేదు, అయినా బోనస్ సున్నా అంటే పోయిన ఏడాది ఎవరో క్లెయిమ్ చేసినట్టు. "ఒక్క గీత లేదు" అన్న మాట గీసుకుపోయిందన్నమాట. ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే ఈ లెక్క పనిచేయదు. అప్పుడు కంపెనీ సర్వీస్ సెంటర్ రికార్డు అడగండి, ప్రతి సర్వీసుకీ కిలోమీటర్లు రాసి ఉంటాయి. "రికార్డు ఎందుకు సార్, బండి చూడండి" అన్నాడంటే రికార్డు చూడాల్సిందే.

ప్లాటు కొనేటప్పుడు "క్లియర్ టైటిల్" అన్నది విశేషణం. డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అన్నవి వివరాలు. అవి ఇస్తే ఆ స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే ఈసీ తీసి చూసుకోవచ్చు. "ప్రీ లాంచ్ ఆఫర్" అంటే, రియల్ ఎస్టేట్‌ని నియంత్రించే రెరా సంస్థ ఇచ్చే నంబరు అడగండి. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో వేసే వెంచర్ రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. "అప్లై చేశాం సార్, వారంలో వచ్చేస్తుంది" అంటే వారం తర్వాతే వస్తామని చెప్పండి. నంబరు వచ్చాక ఆ రాష్ట్రం రెరా వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. వాళ్ళు వాట్సాప్‌లో పంపిన ఫొటో చూసి సరిపెట్టుకోకండి.

6. తొందర పెట్టేవాణ్ణీ, ఎవరికీ చెప్పొద్దనేవాణ్ణీ ఆపేయండి

పైన చెప్పినవాటన్నిటికీ టైం కావాలి. అందుకే మోసగాడు మొదట లాక్కునేది మన టైమే. "ఈ రోజే లాస్ట్", "ఇంకో పార్టీ దారిలో ఉంది", "ఇప్పుడే టోకెన్ వేయండి."

దీని ముదురు రూపం డిజిటల్ అరెస్ట్. మీ పేరు మీద వచ్చిన పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయనో, మీ ఆధార్‌తో మనీ లాండరింగ్ జరిగిందనో ఫోన్ వస్తుంది. వీడియో కాల్‌లో యూనిఫాం, వెనక గోడకి లోగో. కెమెరా ముందు నుంచి కదలొద్దంటారు, భార్యకి కూడా చెప్పొద్దంటారు, వెరిఫికేషన్ కోసం డబ్బు ట్రాన్స్‌ఫర్ చేయమంటారు. చదువుకున్నవాళ్ళు, రిటైరైన ఆఫీసర్లు కూడా పడిపోయారు. మన దేశంలో ఏ చట్టంలోనూ డిజిటల్ అరెస్ట్ అనేది లేదు. 2024 అక్టోబరులో ప్రధాని రేడియో ప్రసంగంలో కూడా ఇదే చెప్పారు.

ఇక్కడ వాడు నిజమా అబద్ధమా అని ఆలోచిస్తూ లైన్‌లో ఉండకండి. వాడి గొంతు, వాడి కళ్ళు, వాడి ఐడీ కార్డు ఏవీ చూడక్కర్లేదు. ఫోన్ పెట్టేయండి. పక్కింటివాళ్ళకైనా సరే గట్టిగా చెప్పండి. అనుమానం తీరకపోతే మీ పోలీస్ స్టేషన్‌కి మీరే వెళ్ళండి, వాడిచ్చిన నంబరుకి మాత్రం చేయకండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.

7. అక్కడికక్కడే తేల్చాలనుకోకండి

నిలకడ మీద నిజం తెలుస్తుందంటారు. 2002లో హీ సన్ పార్క్, టిమ్ లెవిన్ తదితర పరిశోధకులు కాలేజీ విద్యార్థుల్ని, "మీకు ఎవరో అబద్ధం చెప్పారని ఎలా తెలిసింది?" అని అడిగారు. మూడోమనిషి చెప్పడం, ఏదో కాగితమో వస్తువో కంటపడటం, చెప్పినవాళ్ళే తర్వాత ఒప్పుకోవడం, ఎక్కువ అబద్ధాలు బయటపడింది ఈ దారుల్లోనే. అప్పటికప్పుడు మాట తీరో మొహమో చూసి పట్టుకున్నవి దాదాపు లేవు. చాలావరకు రోజులు గడిచాకే తెలిశాయి.

కాబట్టి కొన్నాళ్ళాగి అదే సంగతి ఇంకో సందర్భంలో కదపండి. మాట మారితే వెంటనే ఎగిరి పడకండి. నిజంగా జరిగినదాన్ని గుర్తుచేసుకునేవాళ్ళు "కాదు కాదు, అది మంగళవారం" అని తమనే దిద్దుకుంటారు, కొత్త ముక్కలు కలుపుతారు. పొల్లు పోకుండా అదే వరసలో, అవే మాటల్లో చెప్పారంటే అది బట్టీ కావచ్చు. పట్టించుకోవాల్సింది అసలు విషయం మారినప్పుడే: మనిషి మారడం, డబ్బు మొత్తం మారడం, ఊరు మారడం.

8. ఇంట్లో వేరే పద్ధతి

ఇంతసేపూ చెప్పిన తలుపులు మూసే ప్రశ్నలు పిల్లల మీద వాడకండి. సమాధానం మీకు ముందే తెలిసి, "హోంవర్క్ చేశావా?" అని అడగడం వాడి చేత అబద్ధం ఆడించడమే. "హోంవర్క్ చేయలేదని టీచర్ చెప్పారు. ఇప్పుడేం చేద్దాం?" అంటే అబద్ధానికి చోటే లేదు.

"నాన్నా పులి" కథ చెప్పని తెలుగు ఇల్లుండదు. కాంగ్ లీ అనే శాస్త్రవేత్త బృందం కెనడాలో మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకి ఆ కథనే వినిపించి, తర్వాత వాళ్ళు నిజం చెప్తారేమో చూసింది. 2014లో వచ్చిన ఫలితం ఏమిటంటే, అబద్ధానికి శిక్ష పడే ఆ కథ విన్న పిల్లలు మామూలుకంటే ఎక్కువ నిజాలేమీ చెప్పలేదు. తప్పు ఒప్పుకున్న పిల్లవాణ్ణి నాన్న మెచ్చుకునే కథ విన్నవాళ్ళు మాత్రం ఎక్కువమంది నిజం చెప్పారు. పులిని కొన్నాళ్ళు అడవిలోనే ఉండనివ్వండి.

భార్యాభర్తల మధ్య అయితే నేను ఏ చిట్కా ఇవ్వను. ఫోన్ తీసి చూడాలనిపించే దశ వచ్చిందంటే అడగాల్సిన ప్రశ్న నేరుగా అడిగేయడమే.

9. తేలిపోయాక

బయటివాళ్ళతో అయితే వాదన వద్దు. ఎలా పట్టుకున్నారో వివరించక్కర్లేదు, వివరిస్తే వచ్చే గిరాకీకి ఆ కారు అమ్మేవాడు టైర్లు మార్చి పెట్టుకుంటాడు. "ఇంట్లో మాట్లాడి చెప్తాం" అని వచ్చేయండి. ఆ మాట అబద్ధమే, పర్వాలేదు. ధర తగ్గిస్తానంటాడు. మీటరు దగ్గర అబద్ధమాడినవాడు ఇంజిన్ దగ్గర నిజం చెప్తాడని నేననుకోను, మీకు మరీ నచ్చితే మీ మెకానిక్‌ని తీసుకెళ్ళి, ఆ మెకానిక్ చెప్పిన ఖర్చంతా ధరలో కోయించండి. టోకెన్ అడ్వాన్స్ మాత్రం ఆర్‌సీ, ఇన్సూరెన్స్, సర్వీస్ రికార్డు మీ చేత్తో పట్టుకుని చూశాకే, అదీ ఓనర్ అకౌంట్‌కే. ఆర్‌సీలో ఉన్న పేరూ, డబ్బు పంపేటప్పుడు తెర మీద కనిపించే పేరూ ఒకటి కాకపోతే పంపకండి.